ఆ వజ్రం ఎక్కడ కొన్నారు?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాల కట్ట శుక్రవారం చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిలు పట్టుకుని. నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట కోసం, అదే, బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ తలో పాత్రగా కథ నడిపే ఆట కోసం అల్లిన ఆ రేవు పట్నం బాగుంది. కోట గోడల మీద వాన కురిసే తీరు బాగుంది. ఆ ముసలి పడవవాడి మాటతీరు ఇంకా బాగుంది, మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. మెచ్చుకోలు ఇంతటితో ఆపి, పెన్సిలు గీత పడ్డ చోటికి వస్తాను.

ఆరో పేజీలో నీ గుడి పూజారిణి చేయి చాపగానే పదిహేను మందికి సరిపడా తిండీ నీళ్లూ పుట్టుకొస్తాయి. పదమూడో పేజీలో అదే గుడి మెట్ల మీద ఒక తల్లి, ఆకలికి సోలిపోతున్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. విడివిడిగా చదివితే రెండూ మంచి పేజీలే. కానీ నీ పటం ప్రకారం ఆ ఇద్దరికీ మధ్య ఉన్నవి పాతిక మెట్లు. పూజారిణి ఎందుకు దిగి రాలేదు? ఈ ప్రశ్నకు నీ దగ్గర జవాబు లేకపోతే, బల్ల చుట్టూ కూర్చున్న ఐదుగురిలో ఒకరు అడిగి తీరుతారు. అడగకపోతే మరీ కష్టం. నీ ఊరిని నమ్మడం మానేసి పాచికలు మాత్రం వేస్తూ కూర్చున్నారన్నమాట.

నేనూ ఈ పొరపాటు చేసినవాడినే. నా మొదటి కథల్లో ఒకదానిలో పరుసవేది తెలిసిన సిద్ధుడు ఉండేవాడు. ముట్టుకుంటే ఇనుము బంగారం. ఊరంతా బంగారం పంచేవాడు, ఊరంతా సుఖంగా ఉండేది. మా మేనమామకు బియ్యం కొట్టు ఉండేది. కథ ఆయనకు చదివి వినిపించాను. అంతా విని, "బాగుందిరా. మరి ఆ ఊళ్లో బస్తా బియ్యం ఎంత?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "బంగారం ఊరికే దొరికే ఊళ్లో నా బియ్యం బంగారానికి ఎందుకు అమ్ముతాను? ఉప్పు తెస్తే కొలుస్తాను, బట్ట తెస్తే కొలుస్తాను. బంగారం తెచ్చినవాణ్ని వెనక్కి పంపిస్తాను" అన్నాడు. ఆ కథను ఇప్పటికీ ఎవరికీ చూపించను.

ఆయన ఊహించి అన్న మాట చరిత్రలో జరిగిందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1324లో పశ్చిమ ఆఫ్రికాలోని మాలి రాజ్యాన్నేలిన మాన్సా మూసా మక్కా యాత్రకు వెళ్తూ కైరోలో ఆగి, దానాలకూ కొనుగోళ్లకూ బంగారం మంచినీళ్లలా ఖర్చుపెట్టాడు. అక్కడ బంగారం విలువ పడిపోయింది. పన్నెండేళ్లు గడిచినా ఇంకా కోలుకోలేదని అరబ్ చరిత్రకారుడు అల్ ఉమరీ రాసి పెట్టాడు. మరి నీ కథానాయకులు డ్రాగన్ గుహలోంచి మూడు బండ్ల బంగారం తోలుకొచ్చిన మర్నాడు, నీ రేవులోని పూటకూళ్లింట్లో భోజనం అదే పాత ధరకు ఎలా దొరికింది?

మంత్రం ఎలా పనిచేస్తుందో నువ్వు నాలుగు పేజీలు వివరించావు. ప్రాణశక్తి అన్నావు, ఏడు పొరలన్నావు. అవి తీసెయ్. మంత్రం నమ్మకం కలిగించేది దాని శాస్త్రం వల్ల కాదు. అది బజారులో దిగాక ఎవరి బేరం చెడిందో, ఎవరి కొట్టు మూతపడిందో కనిపిస్తే చాలు, మిగిలింది చదివేవాళ్లే నమ్ముతారు.

నువ్వు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ధరల పట్టికను యథాతథంగా దించుకున్నావు. తప్పు లేదు. 1974 నుంచి ఆ ఆట ఆడేవాళ్లంతా చేస్తున్న పనే. కానీ ఆ పట్టిక సాహసయాత్రలకు బయలుదేరేవాళ్ల సౌకర్యం కోసం రాసింది, ఊరి జమాఖర్చు కాదు. 2003లో వచ్చిన కూర్పులో పది అడుగుల నిచ్చెన ధర 5 రాగి నాణేలు, పది అడుగుల కర్ర ధర 2 వెండి నాణేలు, అంటే 20 రాగి. నిచ్చెన కొని మెట్లు ఊడగొడితే రెండు కర్రలు. సగం ధరకు అమ్ముకున్నా 5 పెట్టి 20 సంపాదించవచ్చు. కత్తి పట్టి రాక్షసులతో పోరాడటమెందుకు, నిచ్చెనలు విరగ్గొట్టుకుంటూ బతికేయవచ్చని ఆటగాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు. ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్‌కు ఈ ఇబ్బంది ముందే తెలుసు. 1978 నాటి పుస్తకంలోనే ఆయన, ఇవి అలాస్కాలో బంగారం వేటకు జనం ఎగబడ్డ రోజుల్లోని ఊళ్ల లాంటి చోట్లు, గుడ్డు ఒక్కోటి డాలరు పలికిన చోట్లు అనుకోమని చెప్పాడు. ఒక్క వాక్యంతో పట్టిక మొత్తానికీ ప్రాణం పోశాడు. నీ రేవుకూ అలాంటి వాక్యం ఒకటి కావాలి.

పట్టికలో అసంబద్ధంగా కనిపించేదాన్ని వెంటనే సరిదిద్దాలనుకోకు, ముందు దాని పక్కన కాసేపు కూర్చో. 2014 కూర్పులో నైపుణ్యం లేని కూలీకి రోజుకు 2 వెండి నాణేలు. గాయం మాన్పే మందు సీసా 50 బంగారు నాణేలు. బంగారు నాణేనికి 10 వెండి. అంటే ఒక గుక్క మందు 250 రోజుల కూలి. ఇది నీకు తేరగా దొరికిన కథ. గోడ మీంచి పడ్డ తాపీ కూలీ కొడుకు ఇంట్లో మూలుగుతున్నాడు. సీసా వీధి చివర కొట్లో, అద్దాల బీరువాలో మెరుస్తోంది. ఆ కొట్టుకు రెండిళ్ల అవతల వడ్డీ వ్యాపారి అరుగు. ఆ అరుగు అక్కడే ఎందుకు ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

కొత్తగా రాసేవాళ్లంతా నిప్పు బంతులు విసిరే మంత్రాల వెంట పడతారు. నువ్వూ పడ్డావు, పద్దెనిమిది రకాలు పెట్టావు. నిప్పు బంతి ఊళ్లో కలిగించే మార్పు ఒక అగ్నిప్రమాదం కన్నా ఎక్కువ కాదు. ఊరి తలరాత మార్చే మంత్రం ఆ ఆట పుస్తకంలోనే ఓ మూల పడి ఉంది, ఎవరూ పట్టించుకోరు. మొక్కలను పెంచే మంత్రం. అడవినీ ప్రకృతినీ కొలిచే డ్రూయిడ్ అనే మాంత్రికుడు ఎనిమిది గంటలు కూర్చుని జపిస్తే, చుట్టూ అర మైలు మేర మొక్కలన్నీ ఏడాది పాటు రెట్టింపు దిగుబడి ఇస్తాయి. వజ్రాలూ భస్మాలూ అక్కర్లేదు. అర మైలు వ్యాసార్ధమంటే దాదాపు 500 ఎకరాలు. రోజుకొకచోట కూర్చుంటే నెల తిరిగేసరికి 15,000 ఎకరాలు. ఇది చేయగలిగిన మనిషి ఒక్కడుంటే రాజ్యానికి సైన్యాధిపతి కన్నా వాడే ముఖ్యం. నీ ప్రపంచంలో డ్రూయిడ్ అడవిలో తోడేళ్లతో కబుర్లు చెబుతూ కాలక్షేపం చేస్తున్నాడు.

వాణ్ని పొలంలోకి తీసుకురా. నాగలి తిన్నగా పోతుంది, మంత్రం గుండ్రంగా పడుతుంది. ఆ గుండ్రం అంచు ఎవరో ఒకరి చేలోంచి పోక తప్పదు. నిరుడు పంచుకున్న అన్నదమ్ములనుకో. అన్న వాటా గీతకు లోపల, తమ్ముడి వాటా బయట. గట్టు ఒకటే, బోదె ఒకటే, విత్తనం ఒకటే. అన్న కల్లంలో కుప్ప రెండు నిలువులు లేచింది. తమ్ముడు పంపకాలు మళ్లీ జరగాలని పెద్దమనుషుల దగ్గర కూర్చున్నాడు. డ్రూయిడ్ ఎక్కడ కూర్చుంటే అది కేంద్రం. ఒక్క ఫర్లాంగు ఇటు జరిగి కూర్చోమని బతిమాలడానికి ముందు రోజు రాత్రి ఎవరెవరు వస్తారో, చేతుల్లో ఏమేం పట్టుకొస్తారో రాయి.

తర్వాత కౌలు సంగతి. ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకున్న కౌలుదారు ఆ ఏడు బాగుపడతాడు. మరుసటి ఏడు భూస్వామి కౌలు రెట్టింపు చేస్తాడు. ఆ ఏడు డ్రూయిడ్ రాకపోతే? కౌలు మాత్రం తగ్గదు. డ్రూయిడ్‌కు దక్షిణ ఎవరివ్వాలి, దున్నేవాడా, భూమి ఉన్నవాడా? ఈ ఒక్క తగాదా చాలు, నీ ఆట నాలుగు ఆదివారాలు నడుస్తుంది.

ఇంకో మెట్టు పైకెక్కు. పంట రెట్టింపయింది సరే, తినే నోళ్లు రెట్టింపు కాలేదు. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయిన రోజుల్లో రైతులు టమాటా బుట్టలను రోడ్డు మీద పారబోసి వెళ్లిన వార్తలు నువ్వూ చదివే ఉంటావు. కాపు విరగకాసిన ఏడే కన్నీళ్లు ఎక్కువ. మన ఊరి చేలు మాత్రమే రెట్టింపు పండితే మనకు లాభం. చుట్టుపక్కల అన్ని ఊళ్లూ పండితే గిట్టుబాటు ఉండదు. అందుకని డ్రూయిడ్‌ను పక్క ఊరికి పోనివ్వకుండా కాపలా పెట్టేది సొంత ఊరివాళ్లే. వాణ్ని ఎత్తుకుపోయేది రాక్షసులు కాదు, గోదాముల నిండా పాత ధాన్యం పెట్టుకున్న వ్యాపారి. ఎంత చవగ్గా, ఎంత మామూలుగా ఉంది చూడు ఆ కారణం. అందుకే నమ్ముతాం.

ఇప్పుడు నీ పూజారిణి దగ్గరికి వద్దాం. తిండి పుట్టించే మంత్రానికి 2014 కూర్పులో అసలు నియమాలు చూశావా? ఒకసారికి పదిహేను మంది. ఆ మంత్రం అప్పుడే వంటబట్టిన పూజారి రోజుకు రెండుసార్లు చేయగలడు. ముప్పై మంది. ఆ తిండికి రుచీ పచీ ఉండదు, ఒక్క రోజు దాటితే పాడైపోతుంది. నాకు అందులో బాగా నచ్చింది ఆ పాడైపోవడమే. నిల్వ ఉండనిది సరుకు కాదు. దాన్ని గోదాములో పెట్టలేవు, ఓడకెక్కించలేవు, ధర పెరిగేదాకా దాచలేవు. కనుక ఈ మంత్రం వల్ల మీ రేవులో బియ్యం వ్యాపారి కొట్టు మూతపడదు. మూడు వేల మంది ఉన్న పట్నంలో ముప్పై మందికి తిండి దొరుకుతుంది, అంతే.

అంతే అన్నాను గానీ, అసలు కథ అక్కడే ఉంది. ఆ ముప్పై మంది ఎవరు? ఎవరో ఒకరు రోజూ పొద్దున్నే పేర్లు రాయాలి. ఆ రాసేవాడు పూజారిణి కన్నా బలమైన మనిషి. మంత్రం ఆమెది, చీటీ అతనిది. నీ పదమూడో పేజీని నేనైతే ఇలా మొదలుపెడతాను:

"గుమాస్తా చీటీల కట్ట తాడు విప్పాడు. ఇరవై తొమ్మిది పేర్లు చదివి ఆగాడు. ముప్పయ్యోది చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెట్ల మీద కూర్చున్నవాళ్లలో ఎవరూ అడగలేదు. ఆ ముప్పయ్యో పళ్లెం ఎవరింటికి పోతుందో అందరికీ తెలుసు."

ఇక్కడ ఆ తల్లి ఏడవనక్కర్లేదు. నీ పాత పేజీలో ఆమె ఏడ్చింది, దేవుణ్ని తిట్టింది, పద్యం లాంటిదేదో కూడా చెప్పింది. అవన్నీ కొట్టేశాను.

మన పెద్దవాళ్లకు ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. పాండవులకు సూర్యుడిచ్చిన అక్షయపాత్రనే తీసుకో. ఎంతమంది వచ్చినా పెడుతూనే ఉంటుంది, ద్రౌపది తినేదాకా. ఆమె తిన్నాక ఆ రోజుకు ఇక ఖాళీ. దుర్వాసుడు శిష్యులను వెంటేసుకుని ఆమె తిన్న తర్వాతే వస్తాడు. ఆ ఒక్క నియమం లేకపోతే అదొక మంచి వంటగిన్నె, కథ కాదు. శ్యమంతకమణి రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇస్తుందని భాగవతం చెబుతుంది. కానీ మనకు గుర్తున్నది బంగారం కాదు. దాన్ని రాజుకు ఇవ్వమని కృష్ణుడు అడిగితే సత్రాజిత్తు ఇవ్వకపోవడం, అది మెడలో వేసుకుని వేటకు పోయిన తమ్ముడు తిరిగి రాకపోవడం, నింద కృష్ణుడి మీద పడటం. మణి ఏం చేస్తుందో ఒక్క ముక్కలో చెప్పి, అది ఎవరి దగ్గర ఉండాలన్న తగువును కథంతా పరిచారు.

ఇక నలభై రెండో పేజీ. చనిపోయిన రాకుమారుణ్ని లేపడం. నువ్వు ఆట నియమం ప్రకారమే రాశావు: 500 బంగారు నాణేల విలువైన వజ్రం ఉండాలి, మంత్రంతో పాటే అది హరించుకుపోతుంది. "మంత్రి వజ్రం తెప్పించాడు" అని ఒక్క ముక్కలో దాటేశావు. నేను ఆ ముక్క దగ్గరే రెండు రోజులు ఆగిపోయాను.

ముందు ఒక చిన్న చిక్కు. నియమం వజ్రం బరువు చెప్పదు, ధర చెబుతుంది. మంత్రి గట్టిగా బేరమాడి 400కే కొంటే రాకుమారుడు లేవడా? వజ్రాలకు కరువొచ్చి ధరలు పెరిగితే ఆవగింజంత రాయితోనూ పని జరుగుతుందా? అలా అయితే యుద్ధకాలంలో వజ్రాల వర్తకులు ధర పెంచడం పుణ్యకార్యం అయిపోతుంది. దీన్ని హాస్యానికి వాడుకున్నా సరే, బరువు పెట్టి ముడి విప్పేసినా సరే. చూడనట్టు మాత్రం ఉండకు.

అసలు ప్రశ్న, ఆ వజ్రాలు ఎక్కడినుంచి వస్తాయి? దీనికి మనం దూరం వెళ్లనక్కర్లేదు. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా, ప్రపంచంలోని వజ్రాలు దాదాపుగా అన్నీ మన దేశంవే. పేరు గోల్కొండకు దక్కింది గానీ గోల్కొండ అమ్మకం చోటు. తవ్వకం జరిగింది కృష్ణ ఒడ్డున, పల్నాడులోని కొల్లూరు లాంటి చోట్ల. 17వ శతాబ్దంలో కొల్లూరు వెళ్లిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ 60,000 మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారు. గోతుల్లో నీరు పడితే తవ్వకం ఆగేది. ఆయన చూసిన గనుల్లో ఒకచోట, కూలి గిట్టక రాళ్లు మింగేసేవాళ్లు ఉండేవారు. ఒకడైతే రాయిని కంటి కొసలో దాచుకున్నాడట. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది.

ఆ కంటి కొసలో రాయి దాచుకున్న మనిషిని నీ ప్రపంచంలోకి తెచ్చుకో. మన చరిత్రలో వాడు దాన్ని అమ్ముకోవడానికి దొంగిలించాడు. నీ ప్రపంచంలో ఆ రాయితో చచ్చిపోయిన బిడ్డ లేచి కూర్చుంటుంది. 500 బంగారు నాణేలంటే కూలీకి 2,500 రోజులు, ఏడేళ్లకు కాస్త తక్కువ. మంత్రానికి గడువు పది రోజులే. మట్టి మోసే పిల్లల్లో ఒకరు గోతిలో పడి చనిపోయిన రోజు సాయంత్రం, ఆ పిల్ల తండ్రి జల్లెడలో మెరుపు చూశాడనుకో. కాపలావాడు ఎదురుగా ఉన్నాడు. కాపలావాడికీ పిల్లలున్నారు. రాకుమారుడు, మంత్రి, కోట అంతా నాకు అప్పటికే చప్పబడిపోయింది. నేను ఈ గోతి దగ్గరే ఉండిపోతాను.

ప్రాణం పోసే విద్య ఒక్కరి చేతిలోనే ఉంటే ఏమవుతుందో కచుడి కథ చెబుతుంది. శుక్రాచార్యుడికి మృతసంజీవని తెలుసు, దేవతల గురువుకు తెలియదు. యుద్ధంలో రాక్షసులు లేస్తున్నారు, దేవతలు లేవడం లేదు. వెంటనే దేవతలు చేసిన పని, ఆ విద్య సంపాదించుకు రమ్మని తమ గురువు కొడుకు కచుణ్ని శుక్రుడి దగ్గరికే శిష్యుడిగా పంపడం. మందు రహస్యం ఒక్కరి దగ్గరే ఉంటే ఈ రోజుల్లోనూ ఇంతే కదా.

ఈ లెక్కలను వేర్వేరు దారుల్లో తేల్చినవాళ్లు ఆటల్లోనూ ఉన్నారు. అదే ఆటకు 1991లో వచ్చిన డార్క్ సన్ లోకంలో జాగ్రత్త లేకుండా మంత్రం వేస్తే చుట్టూ ఉన్న పచ్చదనం మాడి బూడిదవుతుంది. లాభం మాంత్రికుడిది, ఎండిన చేను పొరుగువాడిది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల మురుగుతో పాడైన చెరువుల గతి తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. 2004 నాటి ఎబెరాన్ దీనికి పూర్తిగా ఎదురు దారి. అక్కడ చిన్నపాటి మంత్రాలు వృత్తిపనులు. వీధి దీపాలు మంత్రంవి, రైలు లాంటి బండి మంత్రంది. వైద్యం ఒక వంశం గుత్త, నేల మీద రవాణా ఇంకో వంశం గుత్త. నాకు వ్యక్తిగతంగా డార్క్ సన్ ఎక్కువ ఇష్టం. ఎబెరాన్‌లో అన్నీ మరీ సర్దిపెట్టినట్టు అనిపిస్తుంది. నీ రుచి వేరు కావచ్చు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ ఉత్తరం చదివి నువ్వు వచ్చే నెల నలభై పేజీల పన్నుల పట్టిక, ధాన్యం దిగుబడుల లెక్క పంపిస్తావేమోనని భయంగా ఉంది. వద్దు. లెక్క నీ నోటు పుస్తకంలో ఉండాలి. బల్ల మీదికి రావలసింది బేరం. "ఈ ఏడు గుండ్రం మా చేను దాకా రాలేదండీ, పాత బాకీ వచ్చే పంటకు ఇస్తాను" అని ఒక రైతు కొట్టు ముందు నిలబడి అంటే, నీ 500 ఎకరాల గణితం మొత్తం అందులో ఉంది. అన్ని మంత్రాలకూ ఇలా చేయనూ వద్దు, అలసిపోతావు. మూడు చాలు. ఒకటి తిండిది, ఒకటి ప్రాణానిది, ఒకటి నీకు సరదా పుట్టించేది. మిగిలినవి నిప్పు బంతుల్లాగే ఉండనీ, పిల్లలు సంతోషిస్తారు.

పడవవాడి గురించి చెప్పడం మరిచాను. నీ ఊళ్లో మాంత్రికులు నీటి మీద నడిపిస్తారు, ఎగిరించి దాటిస్తారు కూడా. అయినా అతని పడవ నిండా జనం. ఎందుకో నువ్వు రాయలేదు గానీ నీకు తెలుసనుకుంటాను, లేకపోతే ఆ మనిషి అంత ధీమాగా మాట్లాడడు. రేవు దాటించడానికి అతను ఎంత తీసుకుంటాడో ఒక్కచోట రాయి.

కట్ట రిజిస్టరు పోస్టులో తిప్పి పంపుతున్నాను. పెన్సిలు గీతలు చెరిపేయకుండా చదువు. కొత్త పదమూడో పేజీ రాశాక పంపు, తొందరేమీ లేదు. దానితో పాటు ఒక చిన్న కాగితం మీద, ఆటలో పెట్టకపోయినా సరే, నా కోసం ఇది రాయి: మంత్రి ఆ వజ్రం ఎవరి దగ్గర కొన్నాడు, ఎంతకు కొన్నాడు, అమ్మినవాడు ఆ రాత్రి ఇంటికి ఏ దారిన వెళ్లాడు.

ఉంటాను.